పికప్ వెనక హౌసింగ్ ఆయిల్ మార్చుకోవడం ఎలా

ఇంజిన్ ఆయిల్‌కి గేజీ పుల్ల ఉంది, డాష్‌బోర్డు మీద ఎర్ర లైటు ఉంది. బ్రేక్ ఆయిల్ డబ్బాకి గీతలున్నాయి. వెనక హౌసింగ్‌లో ఉండే ఆయిల్‌కి మాత్రం ఇవేవీ లేవు. తగ్గినా తెలియదు, మాడినా తెలియదు, నీళ్లు కలిసినా తెలియదు. చివరికి బండి వెనక నుంచి గుయ్యిమని మోత మొదలవుతుంది. అది వినపడే సరికి క్రౌన్, పినియన్ (షాఫ్ట్ తిప్పుడుని చక్రాలకి మళ్లించే పెద్ద, చిన్న పళ్ల చక్రాలు) పళ్లు అరిగిపోయి ఉంటాయి, లేదా బేరింగు పోయి ఉంటుంది. ఆ తర్వాత ఎంత మంచి ఆయిల్ పోసినా అరిగిన పన్ను మళ్లీ మొలవదు.

బొలెరో పికప్, టాటా యోధ, శ్రీసిటీలో తయారయ్యే ఇసుజు డీ-మాక్స్, టయోటా హైలక్స్, వీటన్నిటి అమరికా ఒక్కటే. ఇంజిన్ ముందు, మధ్యలో ప్రొపెల్లర్ షాఫ్ట్, వెనక రెండు చక్రాల నడుమ గుమ్మడికాయలా ఉబ్బిన హౌసింగ్. షెడ్డులో దీన్ని హౌసింగ్ ఆయిల్ అంటారు, క్రౌన్ ఆయిల్ అని కూడా అంటారు. రెండూ ఒకటే. మార్చడానికి గంట పడుతుంది. బండి కిందకి దూరగలిగే ఎత్తు పికప్‌కి ఎలాగూ ఉంటుంది కాబట్టి చాలాసార్లు జాకీ కూడా అక్కర్లేదు.

ఏ ఆయిల్, ఎంత

ఈ పినియన్ క్రౌన్‌కి సరిగ్గా నడిమధ్యలో కలవదు, కొంచెం కిందకి దిగి కలుస్తుంది. ఈ అమరికని హైపాయిడ్ అనేది అందుకే. దీనివల్ల పళ్లు ఒకదాని మీద ఒకటి దొర్లుతూనే పొడుగునా జారతాయి కూడా. బాడీలో టన్నుకి పైగా బరువుండి ఘాట్ ఎక్కుతున్నప్పుడు ఆ జారుడుకి మామూలు ఆయిల్ పొర నిలవదు, ఇనుమూ ఇనుమూ రాసుకుంటాయి. అందుకని హౌసింగ్ ఆయిల్‌లో గంధకం, భాస్వరం ఉన్న ఈపీ (ఎక్స్‌ట్రీమ్ ప్రెషర్, అంటే తీవ్రమైన ఒత్తిడిని తట్టుకునే) మందు కలుపుతారు. ఒత్తిడీ వేడీ పెరిగిన చోట అది పంటి మీద పలచటి పొరలా పట్టి కాపాడుతుంది. డబ్బా మూత తీయగానే ముక్కుకి కొట్టే ఘాటు ఆ గంధకానిదే.

డబ్బా మీద చూడాల్సిన మొదటి అక్షరాలు జీఎల్-5, అది గేర్ ఆయిల్ తరగతి పేరు. జీఎల్-4 అని ఉంటే అది గేర్‌బాక్స్‌కి, హౌసింగ్‌కి కాదు. జీఎల్-4లో ఈపీ మందు దాదాపు సగమే ఉంటుంది, హైపాయిడ్ పళ్లకి చాలదు. అలాగని మిగిలిన జీఎల్-5ని తీసుకెళ్లి గేర్‌బాక్స్‌లో పోయకూడదు. కొన్ని జీఎల్-5 ఆయిళ్లలోని గంధకం గేర్‌బాక్స్ ఇత్తడి రింగుల్ని తినేస్తుంది, గేర్లు గరగరమంటూ పడతాయి. కౌంటర్లో "గేర్ ఆయిల్ ఇవ్వు" అంటే రెండిట్లో ఏదైనా చేతిలో పెడతారు. "హౌసింగ్‌కి, జీఎల్-5" అని అడగండి, ఇచ్చిన డబ్బా తిప్పి చదవండి.

చిక్కదనం సంగతి బండితో వచ్చిన పుస్తకంలో రాసి ఉంటుంది. మన వైపు పికప్‌లలో ఎక్కువగా కనిపించేది 80డబ్ల్యూ-90, లేదా ఈపీ 90. కొన్నిటికి 85డబ్ల్యూ-140 చెబుతారు, కొత్త మోడళ్లకి 75డబ్ల్యూ-90 సింథటిక్ చెబుతారు. పుస్తకంలో 90 అని ఉంటే 90 పోయండి. మోత వస్తోందని 140 పోసి నోరు మూయించే అలవాటు షెడ్డుల్లో ఉంది. చిక్కటి ఆయిల్ మోతని కొంత మింగుతుంది, నిజమే. కానీ అది పినియన్ బేరింగు దాకా నిదానంగా వెళ్తుంది, పొద్దున్నే చల్లటి బండి కదిలేటప్పుడు మరీ నిదానంగా. మోత తగ్గింది కదా అని బండి తిప్పుతూనే ఉంటారు, ఆ సందులో బేరింగు పూర్తిగా పోతుంది.

ఎంత పడుతుందన్నది హౌసింగ్ సైజుని బట్టి ఉంటుంది. మీ బండి లెక్క పుస్తకంలో చూసుకోండి. ఆ లెక్కకి కాస్త ఎక్కువే కొని పెట్టుకుంటే మధ్యలో దుకాణానికి పరిగెత్తే పని ఉండదు. డ్రమ్ములోంచి కొలిచి పోసే లూజు ఆయిల్ మాత్రం వద్దు. అందులో ఏముందో అమ్మేవాడికీ తెలియదు. సీలు చెదరని డబ్బానే తీసుకోండి.

ఎన్ని కిలోమీటర్లకి మార్చాలి? పుస్తకంలో ఉన్న లెక్క మామూలు వాడకానికి. రోజూ ఫుల్ లోడుతో తిరిగే బండికి, ఘాట్ రోడ్లకి, ఇసుక, మట్టి క్వారీలకి ఆ లెక్కలో సగం పెట్టుకోండి. నీళ్లలో దిగిన బండికి కిలోమీటర్ల లెక్కే లేదు, దిగిన వారంలోనే ప్లగ్గు విప్పి చూడాలి. కొత్తగా క్రౌన్ పినియన్ వేయించిన బండికి మొదటి వెయ్యి కిలోమీటర్లలో ఒకసారి మార్చండి. కొత్త పళ్లు ఒకదానికొకటి ఒదిగేటప్పుడు రాలే ఇనుప పొడి అంతా ఆ మొదటి ఆయిల్‌లోనే ఉంటుంది.

కావాల్సిన సామాను

సామాను కొనే ముందు బండి కిందకి దూరి హౌసింగ్ ప్లగ్గులు (ఆయిల్ పోసే పై లెవెల్ ప్లగ్గు, దించే కింది డ్రెయిన్ ప్లగ్గు) ఎలాంటివో చూసి రండి. ఒకే కంపెనీ బండిలోనే మోడల్ మారితే ప్లగ్గు మారిపోతుంది. మామూలు ఆరు పలకల బోల్టు తల ఉండొచ్చు, లోపలికి ఆరు పలకల గుంట ఉండొచ్చు (దానికి అలెన్ కీ కావాలి), లేదా నలుచదరపు గుంట ఉండొచ్చు. నలుచదరపు గుంటలో అరంగుళం రాచెట్ ముక్కు నేరుగా కూర్చునేవి చాలా ఉన్నాయి. బోల్టు తల ఉన్నదైతే ఆరు పలకల సాకెట్టే వాడండి. పన్నెండు పలకల రింగు పానా, అడ్జస్టబుల్ పానా జారి తల గుండ్రంగా అయిందంటే ఇక వెల్డింగ్ వాడి దగ్గరికే.

సాకెట్‌తో పాటు ఒక పొడుగాటి రాడ్డు, తుప్పు వదిలించే స్ప్రే, నాలుగైదు లీటర్లు పట్టే వెడల్పాటి తొట్టి లేదా పాత టబ్బు, వైర్ బ్రష్, పాత బనీను గుడ్డలు, చేతికి గ్లౌజులు, ప్లగ్గుల వాషర్లు రెండు దగ్గర పెట్టుకోండి. రాగి లేదా అల్యూమినియం వాషర్ ఒకసారి నలిగాక రెండోసారి సీలు పట్టదు. పాతదే తిప్పి వేస్తే బొట్టు బొట్టుగా కారుతూనే ఉంటుంది. ఖరీదు పదుల్లో ఉండే వాషర్ కోసం హౌసింగ్ ఖాళీ చేసుకోవద్దు.

ఇక పోసే సాధనం. లెవెల్ ప్లగ్గు రంధ్రం హౌసింగ్ పక్కకి ఉంటుంది, పైకి కాదు. డబ్బా వంచి పోయడం కుదరదు. చేతి పంపు ఉంటే సుఖం. లేకపోతే మీటరున్నర పారదర్శకమైన ప్లాస్టిక్ గొట్టం, ఒక గరాటు చాలు. గొట్టం ఒక కొస రంధ్రంలో పెట్టి, రెండో కొస చక్రం పైనుంచి బాడీ పక్కకి తీసి, గరాటు తగిలించి పైనుంచి పోస్తే తనే దిగుతుంది. చలికాలం పొద్దున ఆయిల్ తేనెలా సాగుతుంది. డబ్బాని గంటసేపు ఎండలో పెట్టండి, లేదా వేణ్నీళ్ల బకెట్లో ఉంచండి.

బండిని నిలబెట్టడం

ముందు ఐదారు కిలోమీటర్లు నడిపి రండి. ఆయిల్ గోరువెచ్చనైతే పలచబడి, అడుగున పేరుకున్న మడ్డిని కలుపుకుని బయటికొస్తుంది. లోడుతో రెండొందల కిలోమీటర్లు తిరిగొచ్చి వెంటనే విప్పితే మాత్రం చెయ్యి కాలుతుంది. పక్కనే పోయే సైలెన్సర్ గొట్టం ఇంకా ఎక్కువ కాలుస్తుంది. హౌసింగ్ మీద అరచెయ్యి ఆనించి ఉంచగలిగేంత వేడి ఉంటే సరి.

చదునైన నేల మీద, ఖాళీ బాడీతో ఆపండి. వీలైతే జాకీ ఎత్తకుండానే పని కానివ్వండి. దీనికి కారణం ఉంది. ఆయిల్ ఎంతుండాలో కొలిచేది ఆ లెవెల్ ప్లగ్గు రంధ్రమే. వెనక మాత్రమే ఎత్తితే హౌసింగ్ ముక్కు కిందకి వంగి ఆయిల్ పినియన్ వైపు పోతుంది. రంధ్రం వెనక కవరు మీద ఉన్న బండికి ఇలా నింపితే అవసరానికి మించి పడుతుంది. రంధ్రం ముందు వైపున్న బండికి తక్కువ పడుతుంది. రెండూ నష్టమే. ఎక్కువైన ఆయిల్ యాక్సిల్ సీళ్లు దాటి బ్రేక్ డ్రమ్ములోకి చేరుతుంది, లైనర్లు తడిసి బ్రేకు పడదు. తక్కువైతే పినియన్ ముందు బేరింగు ఎండుతుంది.

చోటు చాలక ఎత్తక తప్పదంటే నాలుగు చక్రాలూ ఒకే ఎత్తులో స్టాండ్ల మీద కూర్చోవాలి. జాకీని నమ్మి కిందకి దూరొద్దు, ఇటుకలు పేర్చి అసలే దూరొద్దు. ఇంకో మాట: ఈ బండ్లలో హ్యాండ్ బ్రేక్ పట్టేది వెనక చక్రాలని, గేరులో పెట్టినా ఆగేది వెనక చక్రాలే. వెనక భాగం గాల్లోకి లేచిన క్షణం రెండిటికీ పట్టు పోతుంది, బండి ముందుకి దొర్లిపోవచ్చు. అందుకే జాకీ పెట్టక ముందే ముందు చక్రాలకి రెండు వైపులా చెక్క మొద్దులు అడ్డం పెట్టండి.

స్టెప్నీ బాడీ కింద వేలాడుతూ హౌసింగ్‌కి అడ్డమొస్తే దాన్ని మొదట దించేయండి. అది అక్కడుండగా మోచేతులు ఆడక మరలు చెడగొట్టుకుంటారు.

ముందు పై ప్లగ్గు

ఈ పనిలో తప్పకూడని వరస ఒక్కటే ఉంది. ముందు పైనున్న లెవెల్ ప్లగ్గు విప్పండి, అది వచ్చాకే కింది డ్రెయిన్ ప్లగ్గు మీద చెయ్యి వేయండి. కిందిది ముందు విప్పేసి, ఆయిల్ అంతా నేల పాలు చేసి, తర్వాత పైది తుప్పు పట్టి కదలకపోతే? పోయడానికి దారి లేదు, ఆయిల్ లేని హౌసింగ్‌తో బండి షెడ్డు దాకా నడవదు. కట్టి లాక్కుపోవాల్సిందే. పైది రాకపోతే అక్కడితో ఆపేస్తే బండి ఎలా వచ్చిందో అలా తిరిగి వెళ్తుంది.

విప్పే ముందు ప్లగ్గు చుట్టూ మట్టి, గడ్డకట్టిన గ్రీసు వైర్ బ్రష్‌తో గీకేయండి, గుడ్డతో తుడవండి. గుంటలో ఇరుక్కున్న మట్టిని మేకు మొనతో తీయండి. అలెన్ కీ పూర్తిగా దిగకుండా తిప్పితే గుంట అంచులు పోతాయి. బిగుసుకుపోయి ఉంటే స్ప్రే కొట్టి అరగంట వదిలేయండి, సాకెట్ పెట్టి దాని మీద సుత్తితో నాలుగు దెబ్బలు సూటిగా వేయండి. ఆ అదురుకి తుప్పు పట్టు వదులుతుంది. అప్పుడు పొడుగు రాడ్డుతో ఒక్కసారి గట్టిగా లాగండి. ప్లగ్గు మామూలుగానే ఎడమకి తిరిగితే ఊడుతుంది కానీ, వెల్లకిలా పడుకుని చూసేటప్పుడు ఎటు ఎడమో తికమక పడతారు. ప్లగ్గుకి ఎదురుగా ముఖం ఉన్నట్టు ఊహించుకుని తిప్పండి.

ప్లగ్గు రాగానే చిటికెన వేలు లోపలికి పెట్టి కిందకి వంచండి. వేలి కొసకి ఆయిల్ తగిలిందా? రంధ్రం అంచుకి దగ్గరగా ఉంటే ఇన్నాళ్లూ లీకు లేదన్నమాట. రెండు కణుపులు దించినా తగలకపోతే ఎక్కడో కారుతోంది. ఆ చోటు ఎక్కడో తేల్చకుండా కొత్త ఆయిల్ పోస్తే అదీ అటే పోతుంది. చక్రాల లోపలి వైపు, పినియన్ ముక్కు దగ్గర, కవరు చుట్టూ తడి మట్టి అట్టకట్టి ఉందేమో లైటు వేసి చూడండి.

దించడం, పాత ఆయిల్‌ని చదవడం

తొట్టిని రంధ్రానికి నేరుగా కాకుండా ఒక జానెడు పక్కకి జరిపి పెట్టండి. మొదట వచ్చే ధార బోర్లా కొట్టిన చెంబులోంచి వచ్చినట్టు వంపు తిరిగి పడుతుంది. డ్రెయిన్ ప్లగ్గుని చివరి మరల దాకా చేత్తో లోపలికి నొక్కుతూ తిప్పి, ఊడగానే పక్కకి లాగేయండి. పైది తెరిచే ఉంది కాబట్టి గాలి అందుతూ ధార సాఫీగా వస్తుంది. పదిహేను ఇరవై నిమిషాలు వదిలేయండి, బొట్ల మధ్య ఎడం బాగా పెరిగేదాకా.

ఈలోగా డ్రెయిన్ ప్లగ్గుని వెలుగులోకి తెచ్చి చూడండి. చాలా ప్లగ్గులకి లోపలి కొసన అయస్కాంతం ఉంటుంది. దానికి బూడిద రంగు మెత్తటి పేస్టు అంటుకుని ఉంటుంది. కాస్త తీసి బొటనవేలికి చూపుడువేలికి మధ్య రాయండి. కాటుకలా నున్నగా పాకితే మామూలు అరుగుదలే, కంగారు లేదు. గరుకుగా ఇసుకలా తగిలినా, సూది మొనల్లా మెరిసే పెచ్చులు కనిపించినా బేరింగు పొర లేస్తోంది. గోరంత ముక్క వచ్చిందంటే అది పంటి ముక్క. అప్పుడు ఆయిల్ మార్చి ఊరుకోకూడదు, హౌసింగ్ విప్పించాల్సిందే. ఆ ముక్క రెండు పళ్ల మధ్య పడితే నడుస్తున్న బండి వెనక చక్రాలు బిగుసుకుపోతాయి.

ఆయిల్ రంగు ఇంకో సంగతి చెబుతుంది. నల్లగా, కానీ వేళ్ల మధ్య జిడ్డుగా ఉంటే వయసైపోయింది, అంతే. మాడిన వాసనతో, తారులా ఉంటే లోడు ఎక్కువై గానీ ఆయిల్ తక్కువై గానీ వేడెక్కింది. పాలు ఎక్కువైన కాఫీ రంగులో, నురగ నురగగా వస్తే నీళ్లు చేరాయి.

నీళ్లు ఎలా చేరతాయో తెలిస్తే మళ్లీ చేరకుండా చూసుకోవచ్చు. హౌసింగ్ నెత్తిన గానీ యాక్సిల్ గొట్టం మీద గానీ బ్రీదర్ అని చిన్న మూత ఉంటుంది, కొన్నిటికి రబ్బరు గొట్టం పైకి కట్టి ఉంటుంది. హౌసింగ్ వేడెక్కినప్పుడు లోపలి గాలి వ్యాకోచించి దాని గుండా బయటికి పోతుంది. వేడి బండి వాగులోకి దిగగానే హౌసింగ్ చప్పున చల్లారి, లోపలి గాలి కుంచించుకుపోయి, బ్రీదర్ నుంచీ సీళ్ల అంచుల నుంచీ నీటిని లోపలికి పీలుస్తుంది. భీమవరం వైపు చెరువు గట్ల మీద తిరుగుతూ ఐసు నీళ్లు కారే రొయ్యల ట్రేలు మోసే బండ్లకి, వానాకాలం ఏజెన్సీలో వాగులు దాటే బండ్లకి ఇది ఏటా ఉండే బెడదే. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ సింగ్‌నగర్ మునిగినప్పటిలా బండి రోజుల తరబడి నీళ్లలో నిలిచిపోతే ఇంజిన్ ఆయిల్ సంగతి అందరికీ గుర్తొస్తుంది. హౌసింగ్ సంగతి మర్చిపోతారు. తుప్పు పట్టిన బేరింగు ఆరు నెలలాగి మోగుతుంది.

నీళ్లు కలిసిన హౌసింగ్‌కి ఒక్క మార్పు చాలదు. గొట్టాల్లో, బేరింగుల సందుల్లో తేమ మిగిలే ఉంటుంది. చవక రకం జీఎల్-5 పోసి, లోడు లేకుండా పది ఇరవై కిలోమీటర్లు నడిపి, వేడిగా ఉండగానే దించేయండి. కాఫీ రంగు పోయేదాకా ఇలా చేసి, అప్పుడు మంచి ఆయిల్ పోయండి. కిరసనాయిలో డీజిలో పోసి చక్రాలు తిప్పి కడిగే పద్ధతి చాలాచోట్ల ఉంది. అది వద్దు. పినియన్ బేరింగుల వెనక గుంటల్లో చేరిన డీజిల్ బయటికి రాదు, కొత్త ఆయిల్‌లో కలిసి దాన్ని పలచన చేస్తుంది. కడగడానికి కూడా గేర్ ఆయిలే వాడాలి.

బ్రీదర్‌ని విప్పి ఊదండి. గాలి పోకపోతే పెట్రోలులో నానబెట్టి శుభ్రం చేయండి. మూసుకుపోయిన బ్రీదర్‌తో లోపల ఒత్తిడి పెరిగి సీళ్ల గుండా ఆయిల్ తోసుకొస్తుంది. సీలు మార్చినా మళ్లీ మళ్లీ లీకవుతోందని విసిగిపోయిన బండ్లలో చాలావాటికి జబ్బు సీలుది కాదు, ఈ మూతది.

నింపడం, బిగించడం

అయస్కాంతం తుడిచి, కొత్త వాషర్ వేసి డ్రెయిన్ ప్లగ్గు పెట్టండి. మొదటి మూడు నాలుగు చుట్లు చేత్తోనే తిప్పండి. అడ్డంగా ఎక్కితే వేళ్లకే తెలుస్తుంది, రాచెట్‌కి తెలియదు. వాషరున్న ప్లగ్గులకి సాధారణంగా 40 నుంచి 60 న్యూటన్ మీటర్ల బిగింపు సరిపోతుంది. టార్క్ రెంచి లేకపోతే అడుగు పొడుగు పిడి చివర పదిహేను కిలోల బస్తా లేపేంత బలంతో లాగితే దాదాపు 45 వస్తుంది. వాషర్ లేని, కొసకి సన్నబడే మరల ప్లగ్గులు కొన్నుంటాయి. అవి బిగించే కొద్దీ చీలలా దిగుతూనే ఉంటాయి, రాడ్డు వేసి వేలాడితే హౌసింగే పగులుతుంది. వాటికి మరల మీద సీలెంట్ రాసి ఓ మోస్తరుగా బిగిస్తే చాలు.

ఇప్పుడు పోయడం మొదలుపెట్టండి. గొట్టం రంధ్రంలో అంగుళం రెండంగుళాలు దించండి, మరీ లోపలికి తోస్తే క్రౌన్‌కి తగులుతుంది. నిదానంగా పోయండి. ఆయిల్ రంధ్రం అంచుకి చేరి సన్నటి ధారగా బయటికి రాగానే గొట్టం తీసేయకండి, పోయడం ఆపి ఐదు నిమిషాలు ఆగండి. చిక్కటి ఆయిల్ యాక్సిల్ గొట్టాల్లోకి పాకడానికి టైము పడుతుంది, మట్టం కాస్త దిగుతుంది. మళ్లీ కొంచెం పోయండి. చివరికి రంధ్రం కింది అంచుకి సమంగా, లేదా ఐదు మిల్లీమీటర్ల లోపు తక్కువగా నిలవాలి. ధార ఆగి బొట్టుగా మారినప్పుడు ప్లగ్గు పెట్టేయండి. ఎక్కువ పోస్తే మంచిదేగా అని బండిని ఒక పక్కకి వంచి మరీ నింపేవాళ్లున్నారు. ఆ ఎక్కువంతా బ్రేక్ డ్రమ్ములోనే తేలుతుంది.

పాత ఆయిల్‌ని ఖాళీ అయిన లీటరు డబ్బాల్లోకి పోసి లెక్కపెట్టండి. రెండు లీటర్లు పట్టింది, దిగింది మాత్రం లీటరుంబావు అయితే ముప్పావు లీటరు ఎటుపోయిందో వెతకాలి. పినియన్ ముక్కు దగ్గర కారుతోందని ఆ పెద్ద నట్టుని ఇంకో పావు చుట్టు బిగించి చూడాలనిపిస్తుంది. ముట్టుకోవద్దు. ఆ నట్టు బిగింపు మీదే పినియన్ బేరింగుల ఒత్తిడి ఆధారపడి ఉంటుంది. కారేది సీలు, మార్చాల్సిందీ సీలే.

డ్రెయిన్ ప్లగ్గే లేకపోతే

కొన్ని హౌసింగ్‌లకి కింద ప్లగ్గు ఉండదు. వెనక పళ్లెం లాంటి కవరు విప్పాలి. అమెరికాలో ఉంటున్న మనవాళ్లకి ఇది బాగా ఎదురవుతుంది. ఫోర్డ్ ఎఫ్-150లో ఏళ్ల తరబడి వచ్చిన 8.8 అంగుళాల యాక్సిల్ ఈ రకమే. పది బోల్టులు. పైన రెండు వదిలి మిగతావి తీసేయండి. పై రెండూ నాలుగు చుట్లు వదులు చేసి, కవరు కింది అంచుని బద్దతో సున్నితంగా కదిపితే ఆయిల్ కింది సందులోంచి తొట్టిలోకి దిగుతుంది. అన్నీ ఒకేసారి తీస్తే ముఖాన పడుతుంది.

కవరు వచ్చాక క్రౌన్ పళ్లన్నీ కళ్లెదుటే ఉంటాయి, చక్రం తిప్పుతూ ఒక్కో పన్నూ చూసుకోవచ్చు. ప్లగ్గున్న బండికి ఈ అదృష్టం లేదు. పాత సీలెంట్‌ని ప్లాస్టిక్ గీకుడు బద్దతో తీయండి, ముక్కలు లోపల పడనివ్వకండి. రెండు ముఖాలూ బ్రేక్ క్లీనర్‌తో జిడ్డు లేకుండా తుడవండి. జిడ్డు మిగిలితే సీలెంట్ అంటుకోదు. ఆర్‌టీవీ సిలికాన్‌ని (మన దగ్గరైతే అనాబాండ్ లాంటిది) పెన్సిల్ లావు గీతగా, బోల్టు రంధ్రాలకి లోపలి వైపు నుంచి, తెగకుండా చుట్టూ పెట్టండి. కవరు పెట్టి బోల్టులు ఎదురెదురుగా బిగించండి, చివరి బిగింపు సుమారు 45 న్యూటన్ మీటర్లు. ట్యూబు మీద చెప్పినంత సేపు ఆరనిచ్చి అప్పుడు ఆయిల్ పోయండి. క్వార్టు డబ్బాలు మూడు సరిపోతాయి. ఏ గ్రేడన్నది మోడల్ సంవత్సరాన్ని బట్టి మారింది కాబట్టి మాన్యువల్ చూడాల్సిందే.

ఆ బండ్లలో లిమిటెడ్ స్లిప్ (ఒక చక్రం జారినా రెండోదానికి బలం అందించే ఏర్పాటు) ఉందా లేదా అన్నది తేల్చుకోవాలి. వెనక రెండు చక్రాలూ స్టాండ్ల మీద లేపి, న్యూట్రల్‌లో ఒక చక్రం ముందుకి తిప్పండి. రెండోది వెనక్కి తిరిగితే మామూలు డిఫరెన్షియల్. అదీ ముందుకే తిరిగితే లిమిటెడ్ స్లిప్, లోపల క్లచ్ ప్లేట్లున్నాయి. ట్రాక్షన్-లాక్ అనే ఫోర్డ్ లిమిటెడ్ స్లిప్‌కి ఆయిల్‌తో పాటు నాలుగు ఔన్సుల ఫ్రిక్షన్ మాడిఫైయర్ (ప్లేట్ల రాపిడిని సర్దే మందు) పోయాలి. అది మర్చిపోతే పార్కింగ్‌లో మలుపు తిప్పుతున్నప్పుడు వెనక నుంచి టకటకమని అదురుతుంది. పోశాక ఖాళీ స్థలంలో నిదానంగా ఎనిమిది అంకె ఆకారంలో పది చుట్లు తిప్పితే ప్లేట్ల మధ్యకి చేరుతుంది.

నడిపి చూశాక

పది కిలోమీటర్లు నడిపి వచ్చి ప్లగ్గుల కింద తెల్ల కాగితం పెట్టి రాత్రంతా వదిలేయండి. పొద్దున కాగితం మీద మరక లేకపోతే పని అయినట్టే. మరకుంటే ముందు వాషర్ సరిగ్గా కూర్చుందో లేదో చూడండి, వెంటనే ఇంకా బిగించకండి. మోత మిగిలే ఉంటే అది ఎప్పుడొస్తోందో గమనించి మెకానిక్‌కి చెప్పండి. యాక్సిలరేటర్ తొక్కినప్పుడో వదిలినప్పుడో మాత్రమే కూస్తే క్రౌన్ పినియన్ పళ్లు. స్పీడుతో పాటు గర్రుమని పెరుగుతూ పోతే బేరింగు. మలుపుల్లో మాత్రమే వస్తే లోపలి చిన్న గేర్లు. బండి కదిలే క్షణంలో ఠంగుమంటే హౌసింగ్‌ని అనుమానించే ముందు ప్రొపెల్లర్ షాఫ్ట్ క్రాస్ జాయింట్ చేత్తో కదిపి చూడండి, అది చవకలో పోయే పని.

దించిన పాత ఆయిల్‌ని మురిక్కాల్వలో పోయొద్దు, చెదలు పట్టకుండా గుంజలకి పూసే పాత అలవాటు కూడా మానేయండి. మన దేశంలో వాడిన ఆయిల్‌ని 2016 నాటి ప్రమాదకర వ్యర్థాల నిబంధనల కింద లెక్కగడతారు. అదే డబ్బాల్లో మూత పెట్టి, పాత ఆయిల్ సేకరించే సర్వీస్ సెంటరుకి ఇవ్వండి. అమెరికాలో ఆటోజోన్ లాంటి దుకాణాలు ఊరికే తీసుకుంటాయి. చివరగా, ఒక స్టిక్కరు మీద తేదీ, కిలోమీటర్లు, ఆయిల్ గ్రేడు, ఎన్ని లీటర్లు పట్టిందో రాసి డ్రైవర్ తలుపు లోపలి అంచున అంటించండి.